జరాలొస్తయట

మా బిడ్డ కమల మెట్రిక్ పాసైన ఆ ఎండాకాలం పాతబస్తీలో నేను అడగని మనిషి లేడు. పాలు పోసే ఇళ్ళల్లో అడిగాను. దాణా కొనే దుకాణంలో అడిగాను. పురానాపూల్ కింద బర్రెలను కడిగేటప్పుడు పక్కన బట్టలుతికే వాళ్ళను కూడా అడిగాను. యుద్ధం నడుస్తున్న రోజులు. కంట్రోలు బియ్యం కోసం జనం పొద్దున్నే వరసలు కట్టేవారు. ఆ వరసల పక్కన సైకిల్ ఆపి, "అన్నా, ఆడపిల్లను కాలేజీకి పంపితే ఎట్లుంటది?" అని అడిగేవాణ్ణి. కొందరు మంచిదనేవారు, కొందరు చెడ్డదనేవారు, కొందరు నా మొహం చూసి నవ్వేవారు. అందరి మాటలూ మూటగట్టుకుని ఇంటికి వచ్చేవాణ్ణి.

మా కిషన్‌బాగ్ పాలవాళ్ళలో మగపిల్లలే నాలుగు అక్షరాలు రాకముందే బర్రెల వెంట పడేవారు. కమల సంగతి వేరు. తెల్లారకముందే లేచి పేడ ఎత్తేది, కుడితి కలిపేది, చేతులు కడుక్కుని పరదా కట్టిన బడిబండి ఎక్కేది. ఉర్దూలో చదివింది తెలుగులో నాకు చెప్పేది. గుండె ఎట్లా కొట్టుకుంటుందో, నెత్తురు ఒంట్లో ఎటు పోయి ఎటు వస్తుందో, బర్రె మెడ మీది నరం పట్టి చూపించేది. ఆ బడిలో పాఠాలు చెప్పే గోదా టీచరమ్మకు ఆ పిల్లంటే ప్రాణం.

ఫలితాలు వచ్చిన మూడో రోజు టీచరమ్మే మా ఇంటికి వచ్చింది. కొట్టం ముందర నులక మంచం వాల్చాను. ఆమె మంచం అంచున కూర్చుని, పేడ వాసనకు ముక్కు మూసుకోకుండా, సూటిగా విషయానికి వచ్చింది.

"మొగులయ్యా, సైదాబాదు దారిల ఓ పాత దేవిడీ బంగ్లల ఆడపిల్లల కాలేజీ ఉన్నది. ఏటా నలుగురు పిల్లలకు చదువు, తిండి, ఉండుడు అంతా ఉచితం. ఈ ఏడు పాసైనోళ్ళకే. కమల పేరు నేను రాయించిన. రెండేండ్లు సైన్సు చదివితే డాక్టరు చదువుకు దారి పడ్తది. జూన్ ఆఖరు లోపల నువ్వు పోయి ఒప్పుకున్న అని వేలిముద్ర ఏసి రావాలె."

"డాక్టరా?" అంది నా భార్య సత్తెమ్మ. ఆమె చేతిలో దుత్త ఉంది. దాన్ని కింద పెట్టడం మరిచిపోయి అట్లాగే నిలబడింది.

కమల గుంజకు ఆనుకుని ఉంది. "నీ మనసుల ఏమున్నది బిడ్డా?" అని అడిగాను. అడగలేదని ఎవరూ అనకూడదు. అందరికంటే ముందు ఆమెనే అడిగాను.

"కాలేజీకి పోత బాపు," అంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

టీచరమ్మ వెళ్ళాక నన్ను కన్న అవ్వ కొమురమ్మ మొదలుపెట్టింది. ఆమెకు కళ్ళు కనిపించవు గానీ ఇంట్లో జరిగే ప్రతి మాటా వినిపిస్తుంది. "గంత మంది ఆడపోరగాండ్లు ఒక్క తాన పంటే జరాలు రావారా? మా చిన్నప్పుడు జాతర్ల గిట్లనే గుంపుగుంపు పండుకొని ఊరంత జరంతోని కాలిపోయింది."

"అవ్వా, అది కాలేజీ. జాతర కాదు."

"ఏదైతేంది. మందల ఒక్క బర్రెకు రోగమొస్తే అన్నిటికి రాదా?"

బర్రెల లెక్క నాకు తెలిసిందే. కిందటి ఏడు గాలికుంటు వచ్చి రెండు పాడిబర్రెలు పోయాయి.

మర్నాడు పొద్దున శాలిబండలో వకీలు గారి ఇంట్లో పాలు పోస్తూ, ఆయన భార్య అహల్యమ్మను అడిగాను. చదువుకున్న ఇల్లు. వాళ్ళ దగ్గర నేను ఏమీ తెలియనివాడిలా నిలబడటం ఎప్పుడూ నాకు ఇష్టం ఉండేది కాదు. నాకూ నాలుగు సంగతులు తెలుసునన్నట్టు మాట్లాడాలనిపించేది. అందుకే, "అమ్మా, సైదాబాదు కాలేజీల పిల్లలకు జరాలొస్తయట గదా, నిజమేనా?" అన్నాను.

అహల్యమ్మ గిన్నె నా ముందు పెట్టింది. "అట్లనా? నేను వినలేదు మొగులయ్యా. మా అన్న కూతురు గూడ అక్కడనే చేరుదామనుకుంటున్నది," అంది. నేను ఇంకో సోలెడు పోసి బయటికి వచ్చాను. ఆ మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందో అట్లాగే మరిచిపోయాను.

ఆ వారంలోనే కాలేజీ చూడటానికి పోయాను. చూడటమంటే గేటు చూడటమే. లోపల అంతా పరదా. మగవాళ్ళు, కన్నతండ్రులైనా సరే, పెద్ద తలుపు దాటి పోవడానికి లేదు. గేటు దగ్గర స్టూలు మీద ఒక బార్కస్ అరబ్బు కూర్చుని ఉన్నాడు. నడుముకు బాకు, గళ్ళ లుంగీ, గోరింటాకు పెట్టిన గడ్డం. పేరు అవజ్. అందరూ చావుష్ అనేవారు.

"ఏం గావాలె?" అన్నాడు.

"నా బిడ్డకు సీటొచ్చింది చావుష్. లోపల ఎట్లుంటదో తెలుసుకుందామని."

నా కాళ్ళ నుంచి తల దాకా చూశాడు. పాలవాణ్ణని తెలిసిపోయింది. జరిగి స్టూలు మీద నాకు కొంత చోటు ఇచ్చాడు. "ఎనిమిదేండ్ల సంది ఈ గేటు కాడ కూసుంటున్న. నీళ్ళు నల్లావి. నేను గూడ అవే తాగుత. తిండి నా బిడ్డ ఇంట్ల తినేదాని కంటె మంచిగుంటది. పంపు భాయ్. ఫికర్ మత్ కరో."

నాకు తృప్తి కలిగింది. సైకిల్ తొక్కుకుంటూ సగం దూరం వచ్చాక ఆ తృప్తి తగ్గింది. వాడు అక్కడి జీతం తినేవాడు, చెడ్డ చెబుతాడా అనిపించింది. నేనైనా నా పాలలో నీళ్ళున్నాయని చెబుతానా?

ఇంటికి వచ్చి చెబితే సత్తెమ్మ, "ఆడోళ్ళను రానిస్తరు గదా. నేను పోయి లోపలంత చూసొస్త," అంది.

"నీకేం తెలుస్తది సదువుకున్నోళ్ళ జాగల?" అన్నాను.

ఆ రోజు కాకపోతే మర్నాడైనా ఆమెను పంపవచ్చు. గేటు దాటి, పడకలు చూసి, వంటిల్లు చూసి, పిల్లలతో మాట్లాడి, సాయంత్రానికల్లా ఇంటికి వచ్చేది. నేను పంపలేదు.

తరవాత మాటలు రావడం మొదలైంది. విద్యాశాఖలో గుమస్తాగా పనిచేసే సుబ్రహ్మణ్యం గారు చదువు దివ్యంగా ఉంటుందన్నారు. ఆ వెంటనే సైన్సు చెప్పే పంతులమ్మ ఏటా మారిపోతుందన్నారు. గాజుల దుకాణం వాడు ఆ పిల్లలు మంచి మర్యాదస్థులన్నాడు. వాడి పక్క దుకాణం వాడు వాళ్ళు బజారుకు వస్తే బేరం ఆడుతూ గంటలు గడుపుతారన్నాడు. ఒకరు లోపల జామచెట్లున్నాయి, చల్లగా ఉంటుందన్నారు. ఇంకొకరు పాత దేవిడీ, పాములుంటాయన్నారు. నేను రోజుకొక వైపు మొగ్గేవాణ్ణి. పొద్దున పంపుదామనుకుని బయలుదేరితే, మధ్యాహ్నం ఖాళీ బిందెలతో తిరిగి వచ్చేసరికి వద్దనుకునేవాణ్ణి. కమల నా మొహం చూసి ఆ రోజు గాలి ఎటుందో తెలుసుకునేది.

అప్పుడు బాబురావు వచ్చాడు. ఒక దేశ్‌ముఖు గారి దగ్గర లెక్కలు రాసే మనిషి. దొర గారు పట్నం వస్తే దిగే ఇంటికి నేను పాలు పోసేవాణ్ణి. దొర గారు తన ఊళ్ళో ఆడపిల్లలకు పంతులమ్మల ట్రైనింగు బడి పెట్టారట. బస్సులో నాలుగు గంటల దూరం.

"రెండేండ్లు నేర్పిస్తరు. ఆ పైన మూడేండ్లు దొర పెట్టిన బడులల్ల కొలువు. నీ బిడ్డ జీతం తెచ్చుకుంటది మొగులయ్యా. డాక్టరు గీక్టరు అని ఎన్నేండ్లు కూసుంటవు?" అన్నాడు.

ఆ బడి గురించి కూడా అందరినీ అడిగాను. ఒక్కరు కూడా చెడ్డ చెప్పలేదు. ఎవరికీ దాని సంగతి తెలియదు కాబట్టే చెప్పలేదని నాకు తట్టలేదు. మచ్చ లేని చోటు దొరికిందని సంబరపడ్డాను.

జూన్ మూడో వారంలో ఒక పొద్దున సుబ్రహ్మణ్యం గారు పాలగిన్నె పట్టుకుని గడపలోకి వచ్చి, "మొగులయ్యా, ఒక మాట. ఆ కాలేజీల ఇద్దరు పిల్లలకు విషజ్వరం వచ్చిందట. నిన్న మావాళ్ళు అనుకుంటున్నరు. నీ బిడ్డ ఉన్నది గదా అని చెప్తున్న," అన్నారు.

మర్నాడు హుసేనీఆలంలో ఒక హవేలీ వెనక తలుపు దగ్గర, వంటమనిషి బిల్కీస్‌బీ నన్ను ఆపింది. "అరే మొగులయ్యా, ఉస్ కాలేజ్ మే ఏక్ లడ్కీ మర్ గయీ కతే! బుఖార్ సే!" అంది. ఒక పిల్ల చచ్చిపోయిందట, జ్వరంతో. అంటూనే రెండు చెంపలూ వాయించుకుంది.

మూడో రోజు బాబురావును అడిగాను. అతను ఒక్క క్షణం నా కళ్ళలోకి చూసి, "నీకు ఇప్పుడు తెలిసిందా?" అన్నాడు. "ఆ పిల్లది పేట్లబుర్జు. ఒక్కతే బిడ్డ తల్లికి. ఆ ఇంటోళ్ళు నాకెరుకే."

మూడు ఇళ్ళు. ఒక ఇంటికి ఇంకో ఇంటితో రాకపోకలు లేవు. ఒకరు బాపనోళ్ళు, ఒకరు తురకలు, ఒకరు దొర మనిషి. ముగ్గురూ ఒక్క మాట చెప్పారంటే అది అబద్ధం ఎట్లా అవుతుంది? నేను చదువుకోనివాణ్ణే గానీ తెలివితక్కువవాణ్ణి కాదనుకున్నాను.

ఇంటికి వచ్చి చెప్పేశాను. మా అవ్వ, "నేను ముందుగాల్నే చెప్పలేదా?" అంది. సత్తెమ్మ మూలకు తిరిగి కూర్చుంది. కమల దూడను కట్టేసి, నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మూడు జాగల ఇన్నవు బాపు. చూసినోళ్ళు ఎవలన్న ఉన్నరా ఆ ముగ్గుర్ల?"

"చూడకుంటనే చెప్తరా?"

"చావుష్ చూసినోడే గదా. ఏం లేదన్నడు గదా."

"వాడు ఆళ్ళ జీతం తినేటోడు."

"నన్ను పంపు బాపు. జరమొస్తే నేనే ఇంటికొస్త. నడిచైన వస్త."

"ఆ పేట్లబుర్జు పిల్ల గట్లనే అనుకున్నది గావచ్చు," అన్నాను. నా గొంతు పెద్దదైంది. "ఒక్కగానొక్క బిడ్డవు. నిన్ను పాడె మీద తెచ్చుకొమ్మంటవా?"

ఆమె వాడిన మొహంతో పక్కకు పోయి, అరుగు మీద ఆరేసిన పిడకలు ఎత్తడం మొదలుపెట్టింది. "నీ ఇష్టం," అని మాత్రం పోతూ పోతూ అంది.

జూన్ ఆఖరు రోజు గడిచిపోయింది. గోదా టీచరమ్మ రెండుసార్లు కబురు పంపింది. మూడోసారి తానే వచ్చి, సంగతి విని, "నేను ఎన్నడు వినలేదే ఈ మాట," అంది. "మీకు చెప్పరు టీచరమ్మా," అన్నాను. ఆమె కమల తల నిమిరి వెళ్ళిపోయింది. మళ్ళీ మా ఇంటికి రాలేదు.

బాబురావు ముచల్కా కాగితం తెచ్చాడు. చదువుకు రెండేళ్ళు, కొలువుకు మూడేళ్ళు, మధ్యలో మానుకునే హక్కు లేదని దాని మీద రాసి ఉంది. కమలే దాన్ని చదివి నాకు వినిపించింది, ఒక్క అక్షరం కూడా వదలకుండా. నేను బొటనవేలు సిరాలో అద్ది కింద పెట్టాను. మెట్రిక్ సర్టిఫికెట్టు అసలు ప్రతి కూడా అతనే తీసుకుని పోయాడు. ఆషాఢంలో అఫ్జల్‌గంజ్ దగ్గర ఆమెను బస్సు ఎక్కించాను. బస్సు కదిలేదాకా కిటికీలోంచి, "ఎర్ర బర్రెకు ఈనే రోజులు దగ్గరపడ్డయి, అమ్మను ఒక్కదాన్నే చెయ్యనియ్యకు," అని జాగ్రత్తలు చెబుతూనే ఉంది.

శ్రావణమాసం. వర్షానికి శాలిబండ గల్లీలో మోకాలి లోతు నీళ్ళు. వకీలు గారింట్లో నన్ను చూరు కింద నిలబడమని, అహల్యమ్మ పొడిబట్ట ఇచ్చింది. తల తుడుచుకుంటూ కమల సంగతి చెప్పాను, దొర గారి బడికి పంపానని.

"మంచి పని చేసినవు," అంది ఆమె. "మా అన్న కూతుర్ని గూడ ఆపేసినం. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి వారం రోజులు అన్నం ముట్టలేదు. అయినా ప్రాణం కంటె ఎక్కువా? నీ పుణ్యం మొగులయ్యా, నువ్వు చెప్పకపోతే మాకెట్ల తెలిసేది?"

"నేనేం చెప్పిన అమ్మా?"

"అదే, జరాలొస్తయని. ఎండకాలంల, ఇక్కడనే నిలబడి చెప్పలేదా? నేను అదే రోజు ఈయనతో అన్న. ఈయన సుబ్రహ్మణ్యం గారితో అన్నరు. బిల్కీస్‌బీ మా ఇంటికి ఊరగాయకని వస్తే ఆమెకు గూడ చెప్పిన, వాళ్ళ బేగం గారి చెల్లెలు పంపుదామనుకుంటున్నదంటే. నీకు నిండ నూరేండ్లు."

చూరు నీళ్ళు నా ఖాళీ బిందెలో పడుతున్నాయి. "నేను అడిగిన అమ్మా," అన్నాను. "చెప్పలేదు. నిజమేనా అని అడిగిన."

"అదే గదా," అంది ఆమె. అడగడానికీ చెప్పడానికీ మధ్య ఆమెకు తేడా కనిపించలేదు. పాలగిన్నె తీసుకుని లోపలికి పోయింది.

ఆ రోజు మిగిలిన ఇళ్ళకు పాలు పోయలేదు. వానలోనే సైదాబాదు దారి పట్టాను. చావుష్ గేటు గదిలో బొగ్గుల కుంపటి దగ్గర కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. తడిసి ముద్దయిన నన్ను కుంపటి పక్కన కూర్చోబెట్టి, మిరియాల కాఫీ పోసి ఇచ్చాడు.

"చావుష్, ఇక్కడ ఎవలన్న పిల్ల జరంతోని సచ్చిందా?"

"ఖుదా కసమ్ భాయ్, ఎనిమిదేండ్లల్ల ఒక్క పిల్ల జామచెట్టు మీదికెళ్ళి పడి కాలు ఇరగ్గొట్టుకున్నది. గంతే. ఆ పిల్ల గూడ మొన్న తన బిడ్డను ఎత్తుకొని వచ్చి చూపిచ్చి పోయింది." అతను కుంపటిలోకి ఉఫ్ అని ఊదాడు. "కానీ ఈ సాల్ ఏం లొల్లి పుట్టిందో. నాలుగు ముఫ్త్ సీట్లల్ల రెండు ఖాళీ. పైసలు కట్టేటోళ్ళు గూడ పది మంది రాలేదు. ప్రిన్సిపాల్ అమ్మ దవాఖాన డాక్టరును పిలిపిచ్చి బావి చూపిచ్చింది, నల్లా చూపిచ్చింది. ఏం లేదు. ఎవడో హరామీ ఊకెనే మాట పుట్టిచ్చిండు. నాకు దొరకాలె వాడు." చెయ్యి నడుము మీది బాకు మీదికి పోయింది.

కాఫీ వేడిగా ఉంది. నోరు కాలినా మింగాను. దొర గారి బడి నుంచి పిల్లను తీసుకొస్తే ఇప్పుడైనా చేర్చుకుంటారా అని అడిగాను. సర్కారు పుస్తకంలో పేర్లు ఎక్కిపోయాయన్నాడు. అయినా ముచల్కా మీద నా వేలిముద్ర ఉంది. సర్టిఫికెట్టు బాబురావు పెట్టెలో ఉంది.

ఇంటికి వచ్చి సత్తెమ్మకు చెప్పాను. ఆమె ఏడవలేదు, అరవలేదు. "నేను పోయి చూసొస్తనంటిని, ఒద్దంటివి," అంది.

దసరా సెలవులకు కమల వచ్చింది. బతుకమ్మ పూలు తెచ్చుకుంటున్న ఆడపిల్లల మధ్య నుంచి నడిచి వస్తుంటే మొదట పోల్చుకోలేకపోయాను. సన్నబడింది. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. దొర గారి గడీలో పెళ్ళి ఉంటే బడి పిల్లలందరూ నెల రోజులు వడ్లు దంచారట. పాఠాలు చెప్పేందుకు ఒక్కడే ముసలి పంతులు ఉన్నాడట. ఆయన చెప్పేది ఆమె నాలుగో జమాతులో చదివిందేనట. ఇదంతా తల్లికి చెబుతుంటే విన్నాను. నాకు మాత్రం, "మంచిగనే ఉన్నది బాపు," అంది.

చెబుదామని రోజూ అనుకున్నాను. పొద్దున పాలు పితికేటప్పుడు చెబుదామనుకుంటే ఆమె ఎర్ర బర్రె దూడతో ఆడుతూ ఉండేది. మధ్యాహ్నం చెబుదామనుకుంటే నిద్రపోతూ ఉండేది. అంత నిద్ర ఆ పిల్ల ఎప్పుడూ పోలేదు. నిద్రపోతున్న పిల్లను లేపి ఏమని చెప్పను?

సద్దుల బతుకమ్మ మర్నాడు, వెనక గల్లీలో ఉండే భిక్షపతి తన కూతురు ఆండాలును వెంటబెట్టుకుని వచ్చాడు. అతనూ మాలాగే పాలవాడు. ఆండాలు కమల కంటే ఏడాది చిన్నది, అదే బడిలో మెట్రిక్ చదువుతోంది. తెలివిగల పిల్ల.

"మొగులన్నా, గోదా టీచరమ్మ మా ఆండాలును గూడ వచ్చే ఏడు ఆ కాలేజీకి రాయిస్తనంటున్నది," అన్నాడు భిక్షపతి. "నాకేం సమజైతలేదు. మన కమల సదువుకున్న పిల్ల, ఆమె ఏమంటే గది చేస్త."

కమల అరుగు మీద గోధుమలు ఏరుతోంది. తల ఎత్తి, ఆండాలును పక్కన కూర్చోబెట్టుకుంది. ఎంత ప్రేమగా చెప్పిందో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"ఒద్దు కాకా. అక్కడ నీళ్ళు మంచిగుండయి. జరాలొస్తయి. పేట్లబుర్జు పిల్ల ఒకామె సచ్చిపోయింది, తల్లికి ఒక్కతే బిడ్డ. బాపు అంతటా తిరిగి కనుక్కున్నడు. నాకు గూడ కోపమొచ్చింది మొదలు. కానీ బాపు మంచికే చేసిండు." అని నా వైపు చూసి నవ్వింది. నన్ను ఓదార్చే నవ్వు అది. అక్కడ పడుతున్న కష్టం నా తప్పు కాదని చెప్పే నవ్వు.

భిక్షపతి తల ఊపాడు. "గట్లైతే ఒద్దులే బిడ్డా," అన్నాడు. ఆండాలు నేల వైపు చూస్తోంది. లేచి వెళ్ళబోతున్నారు. నేను ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. సత్తెమ్మ చెప్పేది కాదు.

"ఆగు భిక్షపతీ," అన్నాను. "అక్కడ జరాలు లేవు. ఏ పిల్లా సావలేదు. గా మాట పుట్టించింది నేనే."

"ఏందన్నా?"

"అవ్వ ఏదో అంటే, వకీలు గారింట్ల నేను ఊకెనే అడిగిన, జరాలొస్తయట గదా అని. అది తిరిగి తిరిగి నాకే వచ్చింది. నేను నమ్మిన. నీ బిడ్డను పంపు. మీ ఆడామెను తోలిచ్చి లోపలంత చూడమను, ఎవల్నీ అడగకు."

భిక్షపతి నన్నూ, కమలనూ మార్చి మార్చి చూశాడు. కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.

కమల చేట ఒళ్ళోకి దించుకుంది. "నీకెప్పుడు తెలిసింది బాపు?" అని అడిగింది.

"శ్రావణంల."

ఆమె ఏదో లెక్కపెట్టుకుంది. శ్రావణం, భాద్రపదం. ఆ రెండు నెలల్లో ఆమె మూడు కార్డులు రాసింది, నేను మూడింటికీ ఎవరితోనో జవాబు రాయించాను. అందరం క్షేమం అని.

"మంచిది," అంది. గోధుమలు ఏరడం పూర్తి చేసింది. చేట లోపల పెట్టి వచ్చింది. సెలవులు ఇంకా అయిదు రోజులు ఉన్నాయి. మర్నాడు పొద్దున నేను పాలు పోసి వచ్చేసరికి ఆమె లేదు. భిక్షపతిని అడిగి అఫ్జల్‌గంజ్ దాకా తోడు తీసుకుని వెళ్ళిందని సత్తెమ్మ చెప్పింది. నానమ్మ కాళ్ళు మొక్కి పోయిందట.

ఆండాలు ఆ పై ఏడు కాలేజీలో చేరింది. ఆదివారాలు ఇంటికి వచ్చినప్పుడు మా గుమ్మం ముందు నుంచే పోయేది. కొంతకాలం నా వైపు చూసేది కాదు. తరవాత తరవాత చూసేది.

కమల ముచల్కా ప్రకారం అయిదేళ్ళూ చేసింది. ఒక్క రోజు తక్కువ కాకుండా చేసింది. ఈలోగా యుద్ధం ఆగిపోయింది, నిజాం రాజ్యం పోయింది, దొర గారి గడీకి తాళం పడింది. గడువు తీరిన ఏడు ఆమె దగ్గర నుంచి కార్డు వచ్చింది. ఇంట్లో చదివేవాళ్ళెవరూ లేరు. డాక్టరు చదువులో ఉన్న ఆండాలు ఆ రోజు ఇంట్లో ఉందని తెలిసి, కార్డు పట్టుకుని వాళ్ళ గల్లీకి పోయాను. ఆండాలు అరుగు మీద కూర్చోమని, నిలబడే చదివి వినిపించింది.

కమల ఇంకో జిల్లాలో సర్కారు బడిలో పని ఒప్పుకుంది. తనతో పనిచేసే పంతులు ఒకతన్ని పెళ్ళి చేసుకుంటోంది. తేదీ రాసింది. ఊరి పేరు రాసింది. బస్సు ఎక్కడ దిగాలో రాసింది. అమ్మను తప్పకుండా తీసుకుని రమ్మంది.

"పిల్లగాడు ఎట్లాంటోడో, నన్ను కనుక్కొమ్మని ఏమన్న రాసిందా బిడ్డా?" అని అడిగాను.

ఆండాలు కార్డు తిప్పి వెనక వైపు కూడా చూసింది.

"లేదు కాకా," అంది. "గంతే ఉన్నది."